సెటిలయ్యాక చూద్దాం!

తెలుగిళ్లలో రోజుకు నాలుగుసార్లయినా వినపడే ఇంగ్లిషు మాట 'సెటిల్'. సంబంధం తెచ్చిన పెద్దమనిషిని ముందుగా అడిగే ప్రశ్న 'అబ్బాయి సెటిలయ్యాడా?' అనే. పెళ్లిలో భోజనాల దగ్గర కలిసిన దూరపు బంధువు పలకరింపూ అదే. దీనికి తెలుగుమాట లేదా అంటే ఉంది, స్థిరపడటం. అది పుస్తకాల్లో స్థిరపడిపోయింది. ఇళ్లలో తిరుగుతున్నది మాత్రం సెటిలే.

ఈ మాటతో వచ్చిన చిక్కేమిటంటే, దాని సరిహద్దు రాయి ఉన్నచోట ఉండదు. చదువుకునే రోజుల్లో ఉద్యోగమొస్తే సెటిలైపోయినట్టే అనిపిస్తుంది. ఉద్యోగమొచ్చాక పెళ్లయితే సెటిల్. పెళ్లయ్యాక సొంత ఫ్లాటు. ఫ్లాటు కొన్నాక దానిమీద తీసుకున్న లోను తీరితే. లోను సగం తీరేసరికి పిల్లల ఇంటర్మీడియెట్, ఆ తర్వాత ఇంజినీరింగు సీటు. పిల్లాడి చదువు పూర్తయ్యేసరికి మళ్లీ అదే బంధువు, అదే భోజనాల బల్ల దగ్గర, 'మీవాడు సెటిలయ్యాడా?' అని అడుగుతాడు. ఆట మొదటికొచ్చింది.

ఈ పాతికేళ్లలో ఎన్ని వాయిదా పడ్డాయో లెక్క రాస్తే ఓ నోటుబుక్కు నిండుతుంది. కాలేజీ టీములో ఆడిన షటిల్ రాకెట్ అటకమీద ఉంటుంది. పెళ్లికి ముందు మూడేళ్లు నేర్చుకున్న వీణ పుట్టింట్లో గుడ్డకప్పుకుని ఉంటుంది. ఎప్పటికైనా చదవాలని పుస్తకాల ప్రదర్శనలో కొన్న నాలుగు నవలలు షోకేసులో బొమ్మల వెనక ఉంటాయి. ప్రాణస్నేహితుడి ఊరు మూడుగంటల ప్రయాణమే, కానీ వెళ్లి ఎనిమిదేళ్లయింది. ఎవరు అడిగినా జవాబు ఒకటే. 'కాస్త సెటిలవ్వనీ, చూద్దాం.'

వింతేమిటంటే ఈ మాటనే ఓ అమెరికన్ మనస్తత్వవేత్త శాస్త్రంలోకి ఎక్కించాడు. యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేనియల్ లెవిన్‌సన్, 35 నుంచి 45 ఏళ్ల వయసున్న 40 మంది మగవాళ్లను ఎంచుకున్నాడు. పదిమంది ఫ్యాక్టరీ కార్మికులు, పదిమంది కంపెనీ అధికారులు, పదిమంది జీవశాస్త్రవేత్తలు, పదిమంది నవలా రచయితలు. ఒక్కొక్కరినీ పలుమార్లు కూర్చోబెట్టుకుని చిన్నప్పటినుంచీ జరిగిన కథంతా చెప్పించుకున్నాడు. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి 1978లో 'ది సీజన్స్ ఆఫ్ ఎ మ్యాన్స్ లైఫ్' అనే పుస్తకం వేశాడు.

అందులో వయసుల పట్టిక ఒకటుంది. 22 నుంచి 28 దాకా పెద్దవాళ్ల ప్రపంచంలోకి అడుగుపెట్టే కాలం. 28 నుంచి 33 దాకా, వేసిన అడుగు సరిగ్గా పడిందా లేదా అని వెనక్కి తిరిగి చూసుకునే కాలం. 33 నుంచి 40 దాకా ఉన్న కాలానికి ఆయన పెట్టిన పేరు 'సెటిలింగ్ డౌన్'. మన పిన్నిగారు, పెద్దమ్మగారు వాడే మాటే!

అయితే లెవిన్‌సన్ చెప్పిన సెటిల్‌కీ మన సెటిల్‌కీ పెద్ద తేడా ఉంది. మన దృష్టిలో అదొక గమ్యం. అక్కడికి చేరితే కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. ఆయన లెక్కలో అది నిచ్చెన ఎక్కే కాలం. ఉద్యోగంలో పైకి రావాలి, నలుగురిలో పేరు రావాలి, తన మాటకు విలువ ఉండాలి అని మనిషి గట్టిగా పెనుగులాడేది అప్పుడే. దాని వెనకే 40 నుంచి 45 దాకా మరో మలుపు ఉంటుంది. కుర్రతనంలో కన్న కలేమిటి, చేతికొచ్చిందేమిటి అని మనిషి తనను తాను నిలదీసుకునే సమయమది. అంటే, సెటిలయ్యాక దొరుకుతుందనుకున్న తీరిక ఆ పట్టికలో ఎక్కడా లేదు. ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టే.

40 మందిని చూసి లోకమంతటికీ పట్టిక గీయడం ఎంతవరకు న్యాయం అని అప్పట్లోనే చాలామంది అడిగారు. ఆ ప్రశ్నలో బలముంది. తాను మాట్లాడినవాళ్లలో దాదాపు 80 శాతం మంది నలభైల్లో గట్టి కుదుపుకు లోనయ్యారని లెవిన్‌సన్ రాస్తే, తర్వాత కాలంలో అమెరికాలోనే జరిగిన విస్తృత సర్వేల్లో అలాంటి సంక్షోభం తమకు వచ్చిందని చెప్పినవాళ్లు సుమారు నాలుగోవంతు మందే. వాళ్లలోనూ చాలామంది కారణంగా చెప్పింది వయసును కాదు. ఉద్యోగం పోవడం, తండ్రి మరణం, విడాకులు లాంటి సంఘటనల్ని. కాబట్టి నలభై దాటగానే పిడుగు పడుతుందని ఎవరూ బెంగపెట్టుకోనక్కర్లేదు. 'తర్వాత' అనే మాటను నమ్ముకోకూడదన్న మేరకు పట్టికను గుర్తుపెట్టుకుంటే చాలు.

'తర్వాత' ఎంత జారుడు మాటో మన ప్రభుత్వోద్యోగులను అడిగితే తెలుస్తుంది. రిటైరయ్యాక కాశీ వెళ్దాం, రిటైరయ్యాక పొలంలో చిన్న ఇల్లు వేసుకుందాం అని ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లకు గడువే జరిగిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి దించితే గగ్గోలయింది. తర్వాత మళ్లీ 58 వచ్చింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. జీతం మరికొన్నాళ్లు వస్తుంది కాబట్టి చాలామంది సంతోషించారు, తప్పేం లేదు. కానీ మోకాళ్లకు ఆ జీవో సంగతి తెలియదు కదా. 58లో ఎక్కగలిగిన కొండ 62లోనూ ఎక్కగలమని ఎవరు పూచీ ఇస్తారు?

తొమ్మిది వేషాలు

ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి చూసినాయన డొనాల్డ్ సూపర్. ఉద్యోగ జీవితం గురించి ఇరవయ్యో శతాబ్దంలో బాగా ఆలోచించినవాళ్లలో ఒకరు. 15 నుంచి 24 దాకా వెతుకులాట, 25 నుంచి 44 దాకా నిలదొక్కుకోవడం, 45 నుంచి 64 దాకా నిలబెట్టుకోవడం అని ఆయనా ఓ వరస చెప్పాడు. అంతటితో ఆగితే ఆయన గురించి ఇక్కడ చెప్పుకోవలసిన పనిలేదు. 1980లో ఆయన ఓ ఇంద్రధనుస్సు బొమ్మ గీశాడు. ఒక మనిషి పుట్టింది మొదలు పోయేదాకా వేసే వేషాలన్నీ అందులో రంగుల చారలుగా ఉంటాయి. కొడుకు లేదా కూతురు, విద్యార్థి, ఉద్యోగి, భార్య లేదా భర్త, ఇల్లు నడిపే మనిషి, తల్లి లేదా తండ్రి, పౌరుడు, పింఛనుదారు. ఇవి ఎనిమిది. తొమ్మిదో వేషానికి ఇంగ్లిషులో సరైన మాట దొరక్క సూపర్ తానే ఒకటి పుట్టించాడు. 'లీజరైట్' అని. తీరిక వేళల్లో తనకిష్టమైన పని చేసుకునే మనిషి అన్నమాట.

ఇందులో గమనించాల్సిందేమిటంటే, ఉద్యోగి అనే చారకు ఇచ్చినట్టే దీనికీ ఆయన ఒక చార ఇచ్చాడు. తీరికను పని అయిపోయాక మిగిలే చిల్లరగా చూడలేదు. ఒక్కో వయసులో ఒక్కో చార లావవుతుంది, ఇంకోటి సన్నబడుతుంది. ముప్ఫైల్లో ఉద్యోగి, తల్లిదండ్రులు అనే రెండు చారలూ ఒకేసారి లావెక్కుతాయి. అప్పుడు లీజరైట్ చార సన్నబడటం సహజం. ప్రమాదం ఎక్కడంటే, అది సన్నబడి సన్నబడి తెగిపోయినప్పుడు.

తెగిపోతే ఏమవుతుందో 2022 చివర్లోనూ, 2023లోనూ చాలా ఇళ్లు చూశాయి. పెద్ద పెద్ద టెక్నాలజీ కంపెనీలు వేల సంఖ్యలో ఉద్యోగాలు తీసేసిన రోజులవి. సియాటిల్‌లో, డల్లాస్‌లో ఉన్న మనవాళ్లకూ ఆ సెగ తగిలింది. హెచ్1బి వీసామీద ఉన్నవాళ్లకయితే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. డబ్బు కష్టం, వీసా కష్టం సరే, అవి పైకి కనపడేవి. పదిహేడేళ్లపాటు మెడలో వేలాడిన ఐడీ కార్డు ఒక్క ఈ-మెయిలుతో పనికిరాకుండా పోతే, మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి 'ఇప్పుడు నేనెవర్ని' అనే ప్రశ్న వస్తుంది. అది పైకి కనపడదు. శనివారం సాయంత్రం క్రికెట్ ఆడే జట్టులో బౌలరు, గుడిలో పిల్లలకు తెలుగు నేర్పే మాస్టారు, గాయకబృందంలో ఓ గొంతు అయినవాడికి ఆ ప్రశ్నకు ఇంకో జవాబుంటుంది. ఒక్క వేషమే వేసినవాడికి ఉండదు.

ఆఫీసులో హుషారు, ఇంట్లో నీరసం

తీరిక దొరికితే చాలు ఆనందం దానంతటదే వస్తుందని అనుకుంటాం. అదంత సులువు కాదని 1989లో ఓ పరిశోధన చెప్పింది. చేసినవాళ్లు మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, జూడిత్ లెఫెవ్ర్. (మొదటాయన పేరు పలకడం నేర్చుకోవడానికే ఓ ఆదివారం పడుతుంది.) ఉద్యోగాలు చేసుకునే 78 మందికి పేజర్లు ఇచ్చి వారంపాటు దగ్గర పెట్టుకోమన్నారు. రోజులో ఎప్పుడు పడితే అప్పుడు అది కుయ్‌మంటుంది. మోగిన క్షణంలో ఏంచేస్తున్నారు, ఆ పని ఎంత కష్టంగా ఉంది, మనసెలా ఉంది, అప్పుడు ఇంకోచోట ఉంటే బాగుండుననిపించిందా అన్నవి కాగితంమీద రాయాలి.

పనిలో పూర్తిగా లీనమైపోయి టైము మర్చిపోయే స్థితి ఒకటుంటుంది. నేర్పుకు తగ్గ కష్టం ఎదురైనప్పుడు అలా జరుగుతుంది. చిక్‌సెంట్‌మిహాయ్ దానికి 'ఫ్లో' అని పేరుపెట్టాడు. అది తీరిక వేళల్లో ఎక్కువని ఎవరైనా ఊహిస్తారు. తేలింది వేరు. తీరిక సమయంలోకంటే పని సమయంలో మూడు రెట్లకు పైగా ఎక్కువసార్లు అలాంటి స్థితి కలిగింది. మరి వాళ్లకు పనంటే ఇష్టం పెరిగిందా? లేదు. హాయిగా పని చేసుకుంటూనే 'ఇక్కడ కాకుండా ఇంకెక్కడైనా ఉంటే బాగుండు' అని రాశారు. ఇంట్లో సోఫాలో కూర్చుని, నీరసంగా ఉందని రాస్తూనే ఇక్కడే ఉండాలనుందని రాశారు!

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఆఫీసు పనికి ఓ లక్ష్యముంటుంది, గడువుంటుంది, బాగా చేస్తే చేశావని చెప్పే మనిషి ఉంటాడు. తీరికకు ఇవేవీ ఉండవు. దానికి రూపం మనమే ఇవ్వాలి. ఆ ఓపిక లేనప్పుడు చేతికందేది టీవీ రిమోటే. ఇప్పుడైతే సెల్‌ఫోన్. రాత్రి పదింటికి 'ఓ ఐదు నిమిషాలు' అని రీల్స్ తెరిచినవాడు పదకొండున్నరకు తలెత్తుతాడు. ఆ గంటన్నరా తీరికే, ఎవరూ కాదనరు. తెల్లారి అడిగితే చూసినవాటిలో ఒక్కటీ గుర్తుండదు.

అలాగని సోఫాలో కూర్చున్నవాడిని తిట్టి లాభం లేదు. అతనికి మిగిలిన సమయం ఎలాంటిదో కూడా చూడాలి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా పని చేసేవాళ్ల సంగతి చూడండి. మనకూ న్యూయార్క్‌కీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. అక్కడివాళ్లు పొద్దున్న పదింటికి కాఫీ కప్పుతో మీటింగు పెడితే ఇక్కడ రాత్రి ఏడున్నర, లేకపోతే ఎనిమిదిన్నర. పిల్లవాడు హోంవర్కు పట్టుకొచ్చే వేళ, అందరూ కలిసి అన్నం తినే వేళ అది. పగలంతా ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది కానీ, ఆ ఖాళీలో తోడు దొరకదు. మధ్యాహ్నం మూడింటికి షటిల్ ఆడదామంటే అవతల నెట్ వైపు నిలబడేదెవరు? కొంతమందికి తీరిక గంటలకు కొరతలేదు. అవి నలుగురికీ ఒకే వేళలో పడకపోవడమే వాళ్ల కొరత.

వారానికి ఎన్ని గంటలు పనిచెయ్యాలన్నది ఇప్పటికీ తెగని పంచాయితీ. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి, దేశంలో యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. సమర్థించినవాళ్లూ ఉన్నారు, మండిపడ్డవాళ్లూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ, అంతర్జాతీయ కార్మికసంస్థ కలిసి 2021లో వెలువరించిన లెక్క మాత్రం ఈ వాదనలో తరచూ పక్కకు పోతుంటుంది. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి చేసేవాళ్లలో పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువ. గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. సొంత కంపెనీ కట్టుకుంటున్నవాడు ఆ ముప్పును తెలిసి తలకెత్తుకుంటే అది అతని ఇష్టం. నెలజీతగాడి చేత ఎత్తించడం వేరే సంగతి.

పరిషత్తు నాటకాల బ్యాంకు బాబు

పది నుంచి ఐదు దాకా ఆఫీసు, ఐదున్నరకు ఇల్లు అనే రోజులు మన దగ్గరా ఉండేవి. ఆ సాయంత్రాల్లోంచి ఏమేం పుట్టాయో తల్చుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. ఊరూరా పరిషత్తు నాటకపోటీలు జరిగేవి. వాటిలో వేషాలు కట్టినవాళ్లలో బ్యాంకు గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, కరెంటాఫీసు వాళ్లు, పంతుళ్లు ఎంతోమంది. ఆఫీసు అయ్యాక రిహార్సలు, పోటీ ఉంటే రెండురోజులు సెలవు, రాత్రి బస్సులో తిరుగు ప్రయాణం, తెల్లారి మళ్లీ కౌంటరు. మీసానికి పెట్టిన గమ్ పూర్తిగా పోకుండానే లెడ్జరు ముందు కూర్చున్నవాళ్లూ ఉండే ఉంటారు.

కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావు ఆ సాయంత్రాల మనిషే. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడారు. 1978లో 'ప్రాణం ఖరీదు'తో తెరమీదికి వచ్చేనాటికి ఆయనకు 36 ఏళ్లు. అదే సినిమాలో కనపడ్డ చిరంజీవి అప్పటికి పాతికేళ్లలోపు కుర్రాడు. కోట ఇంటింటికీ తెలిసింది 1987లో, 'అహ నా పెళ్ళంట!'లో పిసినారి లక్ష్మీపతిగా. అప్పుడాయన వయసు 45. లెవిన్‌సన్ పట్టికలో మధ్యవయసు మలుపు ముగిసేచోటు అది! 2025 జులైలో కన్నుమూసేదాకా తెలుగువాళ్లకు ఆయన నటుడే. బ్యాంకు ఉద్యోగి అన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఈ కథ విని 'అయితే హాబీని నమ్ముకుంటే కోటీశ్వరులం అవుతామన్నమాట' అని లెక్కవేసుకోకూడదు. ఆ పరిషత్తుల్లో కోటతోపాటు ఆడినవాళ్లు ఎందరో ఉద్యోగాల్లోనే రిటైరయ్యారు. వాళ్లకేం నష్టం జరిగింది? నలభై ఏళ్ల పాటు వారానికి మూడు సాయంత్రాలు ఇష్టమైన పని చేశారు. ఉత్తమ సహాయనటుడు షీల్డు ఇప్పటికీ హాల్లో అద్దాల బీరువాలో ఉంటుంది, మనవడు అడిగితే చెప్పడానికి ఒక కథతో సహా.

అందరికీ రెండు పడవలూ కుదరాలనీ లేదు. ఎన్టీ రామారావు సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి, మూడు వారాలకే వదిలేసి సినిమాల్లోకి వెళ్లిపోయారు. చార్టర్డ్ అకౌంటెంటు చదివి బ్యాంకులో ఉద్యోగం చేసిన యండమూరి వీరేంద్రనాథ్, నవలలు గిరాకీ అయ్యాక రాజీనామా చేశారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి అలా చెయ్యలేదు. విశాఖపట్నంలో వకీలుగా ప్రాక్టీసు చేస్తూనే కథలు రాశారు. కోర్టు గుమ్మంలో ఆయన చూసిన మనుషులు లేకపోతే 'ఆరు సారా కథలు' లేదు. ఆయన విషయంలో పని ఏది, తీరిక ఏది అని గీత గీయడం కష్టం.

ఆవిడ ఆదివారం

ఇంతవరకు చెప్పిన పేర్లు ఒక్కటి తప్ప అన్నీ మగవాళ్లవే అన్న సంగతి మీరు గమనించే ఉంటారు. అది అనుకోకుండా జరిగింది కాదు. నాటకం రిహార్సలు నుంచి రాత్రి పదకొండింటికి ఇల్లు చేరిన బ్యాంకు బాబుకు అన్నం పెట్టడానికి ఒకావిడ మేలుకుని ఉండేది. ఆవిడ సాయంత్రం ఎటుపోయిందో ఏ షీల్డుమీదా రాసి ఉండదు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారి, 2024లో రెండోసారి దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటింటికీ వెళ్లి ముందురోజు అర్ధగంటకు అర్ధగంట ఎలా గడిచిందో అడిగి రాసుకున్నారు. 2024 లెక్క ప్రకారం, ఇంటిపనిలో పాలుపంచుకునే ఆడవాళ్లు దానిమీద వెచ్చిస్తున్నది రోజుకు 289 నిమిషాలు. మగవాళ్లు 88. అంటే ఆవిడది దగ్గరదగ్గర ఐదుగంటలు, ఆయనది గంటన్నర లోపు. అందులోనూ ఇంటిపని చేశామని చెప్పిన మగవాళ్ల సగటే ఆ గంటన్నర. అసలు వేలే పెట్టని మహానుభావులు ఈ సగటులో లేరు.

కాబట్టి ఆదివారం అనే మాటకు ఇంట్లో ఇద్దరికీ ఒకే అర్థం లేదు. ఆయనకు ఆలస్యంగా లేవడం, పేపరు, రెండో కాఫీ. ఆవిడకు వారం రోజుల బట్టలు, ఇడ్లీపిండి రుబ్బడం, 'ఇవాళ ఆదివారమే కదా, ఏదైనా స్పెషల్ చెయ్యి' అనే కోరిక. ఉద్యోగం చేసే ఇల్లాలికి సోమవారం పొద్దున్న ఆఫీసు బస్సెక్కాకే నడుం వాల్చినట్టుంటుంది. ఆమె కిటికీ పక్క సీట్లో పావుగంట కునికితే అదే ఆ వారం దక్కిన తీరిక.

లెవిన్‌సన్ తర్వాత ఆడవాళ్లతోనూ మాట్లాడాడు. 45 మందితో. ఆ పుస్తకం 1996లో, ఆయన పోయాక రెండేళ్లకు, భార్య జూడీ పూర్తిచేస్తే వచ్చింది. మగవాళ్ల కల సాధారణంగా ఉద్యోగం చుట్టూ ఒకే ముద్దగా ఉంటే, ఆడవాళ్ల కల ఇల్లు, ఉద్యోగం అని రెండు ముక్కలై, ఒకదాన్నొకటి లాగుతూ ఉంటుందని తేలింది. మన ఇళ్లలో ఈ సంగతి చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు, నిజమే. ప్రమోషన్ వస్తే బదిలీ తప్పదు కాబట్టి పరీక్ష రాయకుండా వదిలేసే బ్యాంకు ఉద్యోగినులు ఎంతమందో అదే బ్యాంకులో పనిచేసే వాళ్లకు తెలుసు.

ఆ బదిలీ లెక్క మగవాళ్లకూ ఉంది. గుంటూరులో క్లర్కు. వయసు 39. భార్య జడ్పీ స్కూల్లో టీచరు. ఆఫీసరు పరీక్ష పాసైతే జీతం పెరుగుతుంది, కానీ ఏ ఉత్తరాది బ్రాంచిలోనో పడితే రెండు మూడేళ్లు ఒంటరికాపురం. ఒకాయన వెళ్తాడు. గదిలో స్టవ్వు వెలిగించుకోవడం, సెలవురోజు బట్టలుతుక్కోవడం, పండక్కి తత్కాల్ టికెట్టు కోసం పొద్దున్నే కంప్యూటరు ముందు కాపలా. ఇంకొకాయన వదులుకుంటాడు. నాలుగేళ్లకు తనకంటే వెనక చేరిన కుర్రాడు మేనేజరై కేబిన్లో కూర్చుంటే, 'సార్' అని పిలవడం అలవాటు చేసుకుంటాడు. ఎవరు తెలివైనవాడు అంటే చెప్పడం కష్టం. కానీ వదులుకున్నాయన ఆ మిగిల్చుకున్న సాయంత్రాలతో ఏంచేశాడని అడగొచ్చు. పిల్లలతో గడిపాడా, చెరువుగట్టున నడిచాడా, లేక కేబిన్లో కుర్రాడిని తల్చుకుంటూ కుమిలిపోయాడా? అలా కుమిలినవాడికి ఆ బేరంలో రెండువైపులా నష్టమే.

సెలవంటూ లేనివాళ్ల సంగతి కూడా ఒక్కమాట. అడ్డామీద నిలబడే తాపీమేస్త్రీకి, ఆటో తోలేవాడికి, రాత్రి బిర్యానీ పొట్లం మోసుకొచ్చే కుర్రాడికి ఆదివారం గిరాకీ రోజు. మన సెలవే వాళ్ల పని. అసలు ఈ దేశంలో కార్మికుడికి ఆదివారం ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి అడుగుతూ వస్తే, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. ఆరేళ్ల పోరాటం. అలా దొరికిన రోజును ఇస్త్రీబట్టలకు, ఈ-మెయిళ్లకు ధారపోస్తున్నాం.

మరి ఎలా వాడుకోవాలి? జర్మనీకి చెందిన సబీనా సోనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్‌తో కలిసి 2007లో ఓ విషయం తేల్చింది. పని అలసట తీరడానికి నాలుగు దార్లు తోడ్పడతాయట. ఆఫీసు గొడవను బుర్రలోంచి దించెయ్యడం, ఒళ్లు విశ్రాంతిగా ఉంచడం, కొత్తది ఏదైనా నేర్చుకోవడం, ఆ కాసేపు ఏంచెయ్యాలో తానే నిర్ణయించుకోవడం. విశ్రాంతి అందరికీ తెలిసిందే. మూడోదే వింత. అలిసిపోయిన మనిషికి ఇంకో కష్టమైన పని అప్పగిస్తే అలసట తీరడమేమిటి? పేజర్ల కథ గుర్తున్నవాళ్లకు అర్థమవుతుంది. ఈత నేర్చుకునేవాడు నీళ్లలో మునగకుండా చూసుకోవాలి. ఆ అరగంట బాస్ గుర్తురావడానికి చోటుండదు.

చెయ్యాలనుకున్నవాళ్లకు ఒకటి రెండు సంగతులు. ఒంటరిగా మొదలుపెట్టిన వ్యాయామం, సంగీతం మూడోవారం మానేసే అవకాశం ఎక్కువ. ఇంకొకరికి మాటిస్తే మానడం కష్టం. పొద్దున్న ఐదున్నరకు వాకింగుకొచ్చే బృందాల రహస్యం అదే. రాకపోతే మర్నాడు నలుగురూ ఆటపట్టిస్తారు. రోజూ గంట అనుకునేకంటే వారానికి ఒక్కపూట అనుకోవడం మేలు, ఇంట్లోవాళ్లకు కూడా ఆ పూట ఏదో ముందే తెలుస్తుంది. ఆ పూట పిల్లల్ని, వంటింటిని రెండోవాళ్లు చూసుకోవాలి. బుధవారం ఆయనది అయితే శుక్రవారం ఆవిడది. ఈ ఒప్పందం లేని ఇంట్లో ఒకరి హాబీ ఇంకొకరికి ఓవర్‌టైమే.

పిల్లల్ని సంగీతం క్లాసులకు, డాన్సు క్లాసులకు తీసుకెళ్లే తల్లులను చూడండి. గుమ్మం బయట చెప్పుల పక్కన కుర్చీల్లో ముక్కాలుగంట కూర్చుంటారు. లోపల పిల్లలు సరళీస్వరాలు తప్పు పాడితే బయట కూర్చున్నావిడ పెదాలు సరిగ్గా కదులుతాయి. పెళ్లికి ముందు నేర్చుకున్నది మర్చిపోలేదు. అలాంటివాళ్ల కోసం పెద్దల బ్యాచి నడిపే మాస్టార్లు కొన్ని కాలనీల్లో ఉన్నారు. పొద్దున్న ఆరింటికో, రాత్రి ఎనిమిదింటికో ఉంటుంది. బోర్డుమీద రాయరు, అడిగితేనే చెబుతారు.